హైదరాబాదు పేర నెగిరినవారు



మా తాతగారు పడుచుతనమున చదువుకొఱకు చెన్నపట్టణమున నుండిరి. 1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రిని గూర్చి ఆయన చెప్పగా మేము పలుమాఱులు వింటిమి. తొమ్మిది గంటలు దాటిన పిదప సముద్రపు దిక్కున ఉఱుములవంటి మ్రోతలు వినవచ్చెనట. వానకాలము గదా, ఉఱుములే యని తలచి ఆయన మేడమీది పఱుపు చుట్టుకొని లోపలికి బోయెనట. కొంతసేపటికి రేవువైపున ఆకాశమంతయు నెఱ్ఱబడెను. ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక చీకటిలో వచ్చి, రేవున కెదురుగా నిలిచి, అఱగంట సేపు గుండ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీవారి నూనెతొట్లను రెంటిని తగులబెట్టి, మరల చీకటిలో గలిసిపోయెను. తెల్లవాఱినది మొదలు జనులు మూటాముల్లె సర్దుకొని రైలుస్టేషనులకును బండ్ల దారులకును పరుగిడిరి. మా తాతగారును పొన్నేరి దారి బట్టి నడిచిపోయి, మూడు దినములు ఒక సత్రపు టరుగుమీద పండుకొని, ఏమియు కాకపోగా సిగ్గుపడి తిరిగివచ్చిరి. ఈ సిగ్గుపడిన సంగతి చెప్పునపుడు ఆయన గొంతు తగ్గించెడివారు. ఆ నవంబరు 9వ తేదీని కోకోసు ద్వీపములయొద్ద ఆస్ట్రేలియావారి సిడ్నీ అను నౌక ఎమ్డెన్‌ను కొట్టి పాడుచేసిన సంగతి చెప్పునపుడు మాత్రము బిగ్గఱగా నవ్వెడివారు. కథ ఎప్పుడును ఆ నవ్వుతోనే ముగియుచుండెను.

ఓడ పోయినను పేరు పోలేదు. అరవదేశమున చిరకాలము గడుసరియైనవానిని ‘ఎమ్డెన్’ అని పిలుచుచుండిరి. జర్మనులును ఆ పేరును విడువలేదు. 1925లో వారు నీటికి దింపిన క్రొత్త క్రూజరునకు ఎమ్డెన్ అనియే నామకరణము చేసి, పాత యోడ గౌరవార్థముగా దాని ముందుభాగమున ఇనుప సిలువ గుర్తును బిగించిరి. ఈ క్రొత్త యోడకును మన హైదరాబాదునకును 1939లో ఒకనాటి సాయంకాలము ముడిపడినది. ఆ ముడిని గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మొదట హైదరాబాదు సంగతి. మొదటి ప్రపంచయుద్ధకాలమున నైజాము ప్రభువైన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇంగ్లీషు ప్రభుత్వమునకు విశేషముగా ధనసహాయము చేసెను. ఆ ధనముతో ఒక విమానదళమునకు వలయు బాంబు విమానములను సమకూర్చిరి. అవి డి.హెచ్. 9ఎ అను రకమునకు జెందినవి. కఱ్ఱ చట్రముమీద బట్ట బిగించి చేసినవి. ఒక్కొక్కదానిలో ఇద్దఱు మాత్రమే కూర్చుండుటకు చోటుండెను. ఆ దళమునకు 110వ స్క్వాడ్రను అని పేరు. 1917 నవంబరులో ఇంగ్లండున రెండ్‌కూంబ్ అనుచోట దానిని నెలకొల్పిరి. నైజాము కానుక యగుటచే దాని పేరునకు ‘హైదరాబాదు’ అను మాటను జేర్చిరి. విమానముల ప్రక్కలమీద అవి నైజాము ప్రభువు కానుకలని అక్షరములు వ్రాసిరి. తరువాతి కాలమున ఆ దళపు చిహ్నమున నైజాము వంశచిహ్నములోని పులి బొమ్మ వచ్చి చేరినది. ‘భయపడను, చులకన చేయను’ అను నర్థముగల లాటిను వాక్యము దాని క్రింద నుండును.

ప్రభువు కానుక యని చదివినప్పుడు నాకు ప్రభువుకంటె ముందు మీవంటివారే జ్ఞప్తికి వత్తురు. ఖజానానుండి వచ్చిన సొమ్మే యనుడు, నైజాము సొంతమైన సర్ఫెఖాసు జాగీరులనుండి వచ్చిన సొమ్మే యనుడు, మూలమున కేగిన అది తెలంగాణపు జొన్నచేను, మరాఠ్వాడపు ప్రత్తిచేను. శిస్తు చెల్లించిన రైతునకు తన రూకలు ఫ్రాన్సుదేశపు మబ్బులలో ఎగురుచున్నవని యెవ్వరును చెప్పలేదు. ఆ విమానములలో కూర్చుండిన పిల్లలకును ఆ రైతెవ్వడో తెలియదు. వారిలో హైదరాబాదును చూచినవారు ఎందఱుందురు?

1918 సెప్టెంబరులో ఆ దళము ఫ్రాన్సునకు బోయెను. పగటివేళ జర్మను పట్టణములమీదికి దూరప్రయాణము చేసి బాంబులు వేయుట వారి పని. యుద్ధము నవంబరు 11వ తేదీతో ముగిసినది. ఈ రెండు నెలల కొద్ది కాలములోనే శత్రువులవలన పదునేడు విమానములు పోయినవి. అక్టోబరు 21వ తేదీని ఒక్క దినముననే ఏడు తిరిగి రాలేదు. యుద్ధము ముగియుటకు ఇంక మూడు వారములే యున్నవని వారికి తెలియదు గదా.

ఆ పిమ్మట ఆ దళమును రద్దుచేసిరి. 1937లో మరల నెలకొల్పిరి. పాత పేరు పాతదిగనే యుండెను. 1939 నాటికి వారు ఇంగ్లండు తూర్పుభాగమున సఫోక్ జిల్లాలో వాటిషమ్ అను విమానాశ్రయమున నుండిరి. బ్లెన్‌హీమ్ అను రెండు యంత్రముల విమానము లిచ్చిరి. దానిలో సాధారణముగా మువ్వురుందురు. నడుపువాడొకడు, దారి లెక్కకట్టి గుఱిచూచి బాంబు విడుచువాడొకడు, వెనుక గాజుబుఱ్ఱవంటి గదిలో కూర్చుండి తుపాకి పట్టుకొని, వైర్‌లెస్ కూడ చూచుకొనువాడొకడు. మువ్వురిలో ఎవడు చేయి తప్పినను తక్కిన యిద్దఱికిని ముప్పే. కాబట్టి వారు ఒక కుటుంబమువలె మెలగుచుందురు. పేర్లకంటె ముద్దుపేర్లతో పిలుచుకొందురు. విమానము పోయినదన్న ఒక మనిషి పోయినట్లు కాదు, ఇల్లు కూలినట్లు.

1939 సెప్టెంబరు 3వ తేదీ ఆదివారము పగలు పదునొకండు గంటలు దాటినపుడు బ్రిటను జర్మనీమీద యుద్ధము ప్రకటించెను. ఒక గంటలోపల 139వ దళమునకు జెందిన మెక్‌ఫర్సన్ అను యువకుడు బ్లెన్‌హీమ్ నెక్కి జర్మను తీరమునకు బోయి, విల్హెల్మ్‌స్‌హావెన్ రేవునుండి యుద్ధనౌకలు వెలువడుట చూచెను. చూచిన సంగతి వైర్‌లెస్‌లో పంపబోగా, ఇరువదినాలుగువేల అడుగుల యెత్తున యంత్రము చలికి గడ్డకట్టి, మాటలు స్పష్టముగా నందలేదు. మఱునాడు మరల వెళ్లెను. ఆనాడును వైర్‌లెస్ పనిచేయలేదు. అతడు దిగి నోటితో చెప్పువఱకు పెద్దలకు ఏమియు తెలియలేదు. అంత పెద్ద సామ్రాజ్యము తన తొలి దెబ్బ కొట్టుటకు ఒక కుఱ్ఱవాడు ఇల్లుచేరుటకై యెదురుచూచుచు కూర్చుండెను.

4వ తేదీ సోమవారము. వాటిషమ్‌లో విమానములకు ముందు ఒక రకపు బాంబులు తగిలించిరి; మబ్బు క్రిందికి దిగియున్నదని వార్త రాగా వానిని దీసి మఱియొక రకము తగిలించిరి. ఒక్కొక్కటి అయిదువందల పౌనుల బరువు. తగిలిన పదునొకండు సెకండ్లకు ప్రేలునట్లు మీట బెట్టిరి. తక్కువ యెత్తునుండి వేసిన విమానము తన బాంబు దెబ్బకు తానే గుఱికాకుండుటకై యీ యుపాయము. ఎవ్వఱిని కొట్టవలెనో యెవ్వఱిని కొట్టగూడదో కూడ గట్టిగా చెప్పిరి. యుద్ధనౌకలనే కొట్టవలెను, నేలమీద బాంబు పడరాదు, సామాన్యజనుల కపాయము కలుగరాదు. ఈ యాజ్ఞను వినిన నాకు మనసు ఒక విధముగా నగును. నాలుగేండ్లు గడవకముందే, 1943 జూలైలో, అదే విమానసేన హాంబర్గు పట్టణము నగ్నికి ఆహుతి చేసెను. యుద్ధము మొదటి దినమున ఒక మనిషి, కడపటి దినమున వేఱొక మనిషి. కాని 1939 సెప్టెంబరు 4న బయలుదేరిన పిల్లలకు ఆ తరువాతి పాపములో భాగము లేదు.

సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున హైదరాబాదు దళమునుండి అయిదు విమానములు లేచెను. అదే విమానాశ్రయముననుండు 107వ దళమునుండి అయిదు. 139వ దళమునుండి అయిదు. ఆ చివరి అయిదును గమ్యము గనుగొనలేక మరలివచ్చినవి. హైదరాబాదువారికి నాయకుడు కెన్నెత్ డోరన్. మూడువందల మైళ్ల సముద్రముమీద వర్షములో, మబ్బులలో దూరుచు వెలువడుచు, వారు జర్మను తీరమును జేరిరి. అక్కడ మబ్బు నేలకు అయిదువందల అడుగుల యెత్తుననే యుండెను. మన తాడిచెట్లు అయిదాఱు ఒకదానిమీద నొకటి నిలిపిన యెత్తు!

మబ్బుదిగి చూడగా ఎదుట అడ్మిరల్ షీర్ అను పెద్ద యుద్ధనౌక లంగరు దింపి యున్నది. డోరన్ తరువాత చెప్పిన దానిలో నా మనసున నిలిచిపోయిన సంగతి యొకటి గలదు. ఆ యోడ వెనుకభాగమున నావికులు ఉదికి యారవేసిన బట్టలు వ్రేలాడుచుండెనట. నావికులు కొందఱు ఊరక నిలువబడి చూచుచుండిరట. తమ విమానములే వచ్చుచున్నవని తలచియుందురు. యుద్ధమన్న మనకు ఫిరంగులు, పొగయు తోచును. అక్కడనో, తడిబట్టలు. మఱునిమిషమున బాంబులు పడినవి. కనీసము మూడు సూటిగా ఓడకు తగిలినవి. కాని ఒక్కటియు ప్రేలలేదు. ఉక్కు కప్పుమీద పడి బంతులవలె ఎగిరి సముద్రములో దొర్లినవి. అంత దూరము ప్రాణములకు తెగించి మోసికొనిపోయిన సరకు అట్లు వ్యర్థమైనది.

అప్పటికి జర్మనులు మేలుకొనిరి. రేవునందలి ప్రతి యోడయు, గట్టుననున్న ప్రతి ఫిరంగియు నిప్పులు గ్రక్కజొచ్చెను. హైదరాబాదు దళపు విమానములలో నొకటి తప్పించుకొనలేకపోయెను. అది గుండు తగిలి, తూలి, ఎదుటనున్న క్రూజరు ముందుభాగమున బడి ముక్కలయ్యెను. ఆ క్రూజరు పేరు ఎమ్డెన్. విమానము నడుపుచుండిన యువకుని పేరు, సైనికుల పట్టీలలో వ్రాసియున్న ప్రకారము, ఫ్లయింగ్ ఆఫీసరు హెచ్. ఎల్. ఎమ్డెన్.

ఈ సంగతి మొదట చదివినపుడు నేను నమ్మలేదు. కథలల్లువాడు కూడ ఇట్లు వ్రాయుటకు జంకును. చెన్నపట్టణపు రేవును కాల్చిన యోడ పేరు మోయుచున్న యోడమీద, హైదరాబాదు పేరు మోయుచున్న విమానము, ఆ యోడ పేరే యింటిపేరుగా గల పిల్లవానితో కూలిపోవుట! కాని ఇంగ్లీషు గ్రంథములును జర్మను నౌకల చరిత్రలును ఈ మాటనే చెప్పుచున్నవి. ఆ యువకుడును, అతని తోడివారును మడిసిరి. ఓడమీది నావికులును కొందఱు మరణించిరి. ఆ యుద్ధమున జర్మను నౌకాదళము పోగొట్టుకొనిన తొలి మనుష్యులలో వారు చేరుదురు. వారిలో బట్టలారవేసికొనినవారు ఎవరో, ఎవరికి తెలియును?

హైదరాబాదువారిలో తక్కిన నాలుగు విమానములు ఇల్లుచేరెను. వారి వెనుక వచ్చిన 107వ దళమువారి గతి మఱియు దారుణము. ఫిరంగులన్నియు సిద్ధముగా నుండగా వారు వచ్చిరి. అయిదింటిలో నాలుగు పోయినవి. వేఱొక చోటికి బోయిన వెల్లింగ్టన్ విమానములలో రెండు పోయినవి. మొత్తముమీద ఒక సాయంకాలమున ఏడు విమానములు.

ఈ మడిసిన పిల్లలను గూర్చి మనకు తెలిసినది చాల కొంచెము. వారికి పెండ్లాడు వయస్సు వచ్చినదో లేదో. వీరజీవితము వ్రాయుటకు వారికి జీవితమే చాలలేదు. 107వ దళమున మడిసినవారిలో నొకని తండ్రివలన మాత్రము ఒక వెలుగు మనకు దొరకుచున్నది. అతడు బ్రయన్ లైటోలర్. అతని తండ్రి చార్లెస్ లైటోలర్, 1912లో మునిగిపోయిన టైటానిక్ యోడలో రెండవ అధికారి. పిల్లలను స్త్రీలను పడవలకెక్కించి, చివరకు తాను నీట దూకి బ్రతికినవాడు. కడగొట్టు కుమారుడు యుద్ధపు రెండవ దినముననే పోయెను. మఱుసటి యేడు, 1940 జూన్ 1వ తేదీని, ఫ్రాన్సున డంకర్కు తీరమున చిక్కుపడిన సైనికులను దెచ్చుటకు దొరతనమువారు ఆయన సొంత విహారనౌకను అడుగగా, ఆ ముసలివాడు ‘నా యోడ నితరుల కీయను, నేనే పోవుదు’నని చెప్పి, పెద్ద కుమారుని వెంట బెట్టుకొని బోయి, ఆ చిన్న పడవలో 120 మందికి పైగా నెక్కించుకొని తీసికొనివచ్చెను. త్రోవలో జర్మను విమానములు మీదికి విఱుచుకొనిపడినపుడెల్ల ఏ క్షణమున చుక్కాని త్రిప్పవలెనో అది ఆయన తెలిసినవానివలె త్రిప్పుచుండెను. విమానము బాంబువేయువాని యెత్తు లెట్లుండునో, వాని కంటినుండి తప్పించుకొను తెఱవు ఏదో, చనిపోయిన చిన్నకుమారుడే సెలవులకు వచ్చినపుడు తనకు చెప్పియుండెనని ఆయన తరువాత చెప్పెను. చనిపోయిన కొడుకు చెప్పిన మాటలే ఆ సైనికులను గట్టు చేర్చినవి.

మా హైదరాబాదు దళపు పిల్లవానికి ఇటువంటి తండ్రి యొకడు చరిత్రలో దొరకలేదు. ‘మా’ యని యేల యంటినో నాకే తెలియదు. ఆ దళమునకు పేరు పెట్టినవారు ప్రజల నడుగలేదు. ప్రజలు పెట్టిన పేరు కాదు. సామ్రాజ్యము తన పనికి తాను పెట్టుకొనిన పేరది. ఆ కాలమున గాంధిమహాత్ముని వెంట నడచినవారు ఆ యుద్ధము మనది కాదనిరి. ఆ మాటను నేను కాదనజాలను. కాని పేరు ఒకసారి మనిషి చావునకు అంటుకొనిన పిదప దానిని విదలించివేయుట అంత సులభము కాదు. ఒక బస్తీ పేరు చెప్పుకొని, దానిని ఎన్నడును చూడని పరదేశపు పిల్లవాడు చచ్చెను. ఆ బస్తీలో పుట్టినవారికి వాని పేరు కూడ తెలియదు. ఇది నాకు అన్యాయముగా తోచినది. అందుకే మీ యెదుట చెప్పుచున్నాను.

తరువాతి సంగతి త్వరగా ముగింతును. ధైర్యము జూపినందులకు డోరన్‌కును మెక్‌ఫర్సన్‌కును ఆ నవంబరులో ఇంగ్లండు రాజు స్వయముగా పతకములు తగిలించెను. 1940 ఏప్రిల్ ముగియుచుండగా డోరన్ నార్వే ప్రక్కను కూలి శత్రువుల చేత చిక్కెను. ఆ మే నెలలో మెక్‌ఫర్సన్ మడిసెను. 1942లో హైదరాబాదు దళము తన పేరిటి దేశమునకే, అనగా భారతదేశమునకే వచ్చెను. ఆ యేటి ఏప్రిల్ 6వ తేదీని జపానువారి విమానములు మన విశాఖపట్టణమునను కాకినాడలోను బాంబులు వేసినవని మీలో పెద్దవారికి తలిదండ్రులు చెప్పియే యుందురు. 1943నుండి ఈ దళము బర్మా సరిహద్దున జపానువారితో పోరాడెను. 1945 ఆగష్టు 15న జపాను లొంగిపోవుటకు ఒప్పుకొనినను బర్మా యడవులలో వార్త అందని తుకడీలు ఇంకను కాల్చుచుండుటచే, ఆగష్టు 20వ తేదీని ఈ దళమువారే కడపటి బాంబుదాడి చేసిరని విమానసేన చరిత్ర చెప్పుచున్నది. బ్రిటిషువారి మొదటి దాడిలోను చివరి దాడిలోను హైదరాబాదు పేరున్నది. ఎమ్డెన్ క్రూజరునో, 1945 మే నెల మొదటిలో ఓటమి తప్పదని జర్మనులే పేల్చివేసిరి.

1918లో కఱ్ఱతో బట్టతో చేసిన విమానములను గూర్చి చెప్పితిని గదా. వానిలో నొకటి నేటికిని మిగిలి యున్నది. 1918 అక్టోబరు 5వ తేదీని జర్మనులు దానిని క్రిందికి దింపి, అందలి యిద్దఱిని బందీలుగా పట్టుకొని, విమానమును బెర్లిను వస్తుప్రదర్శనశాలలో బెట్టిరి. రెండవ యుద్ధమున బాంబులకు వెఱచి దానిని పోలండునకు తరలించిరి. అది అక్కడనే, క్రాకో నగరమున, చాలయేండ్లు పడియుండెను. 1977లో ఇంగ్లండువారు దాని కీడుగా ఒక స్పిట్‌ఫైర్ విమానమునిచ్చి తెచ్చుకొని బాగుచేయించి, లండను చెంతనున్న హెండన్ ప్రదర్శనశాలలో నిలిపిరి. దాని ప్రక్కను నైజాము కానుక యని తెలుపు నక్షరములు చదువవచ్చును.

మా తాతగారు పోవునప్పటికి ఈ రెండవ ఎమ్డెన్ కథ నాకు తెలియదు. తెలిసియుండిన తప్పక చెప్పియుందును. ఓడ పోయినదని చెప్పి నవ్వెడివారు గదా. ఆ పిల్లవాని పేరు విన్న పిమ్మట ఆ నవ్వు ఆయన మొగమున నిలిచియుండునో లేదో యని అప్పుడప్పుడు తలపోయుచుందును.